ఎర్రగట్టులో నేను ముందే తిన్న ముద్ద

పల్నాడు వెళ్ళొచ్చానని చెప్పగానే మా అమలాపురంలో పక్కింటావిడ నన్ను కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయా లేదా అన్నట్టు పైనుంచి కిందికి చూసింది. "ఎందుకండీ బాబూ అంత సాహసం! అక్కడ చిన్నపిల్లలు కూడా బాంబులతో ఆడుకుంటారటగా!" అంది. ఆవిడ ఎప్పుడూ అటువైపు వెళ్ళలేదు. మొన్నటిదాకా నేనూ వెళ్ళలేదు, అంచేత ఆవిణ్ణి అనడానికేం లేదు. ఇప్పుడు వెళ్ళొచ్చాను కాబట్టి చెబుతున్నాను. పల్నాడులో నా ప్రాణం మీదికి తెచ్చినవి రెండే. ఒకటి ఇడ్లీ మీద కారప్పొడి. రెండోది, వాళ్ళ చాప మీద నేను చేసిన నిర్వాకం.

అసలు ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. నేను డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. అందులో ఒక పాఠం ఉంది, దాన్ని ఎన్నేళ్ళుగా చెప్పినా ఒక్క పిల్లకీ ఎక్కదు. కొన్ని దేశాలు కలిసి సమాఖ్య కట్టుకున్నాయి. చేరేటప్పుడు అందరూ, ఎన్నికలు సరిగ్గా పెడతాం, కోర్టుల జోలికి పోం, పత్రికల నోరు నొక్కం అని సంతకాలు చేశారు. చేరాక ఒక దేశంలో గెలిచినాయన మెల్లమెల్లగా కుర్చీకి తనని తాను మేకులేసి బిగించుకోవడం మొదలెట్టాడు. మిగతావాళ్ళు ఏం చెయ్యాలి? గెంటేస్తే ఆ దేశం జనం ఏం పాపం చేశారు? ఊరుకుంటే ఆ సంతకాలెందుకు? ఐరోపా సమాఖ్యలో అలాంటి దేశం ఓటు హక్కు ఆపెయ్యొచ్చని ఒప్పందంలో రాసుకున్నారు. కానీ దానికి ముందు, అది దారి తప్పిందని మిగతా దేశాలన్నీ ఒక్కమాట మీద తేల్చాలి. దారి తప్పినవాళ్ళు ఇద్దరుంటే ఒకడికొకడు కాపు కాస్తాడు, ఇంక మాట కలిసేదెక్కడ! ఆఫ్రికా సమాఖ్యవాళ్ళు సైన్యం గద్దెనెక్కితే సభ్యత్వం ఆపేస్తారు. ఎన్నికైనవాడే నెమ్మదిగా బిగిస్తూపోతే ఏం చెయ్యాలో అక్కడా పాలుపోదు. ఇంతవరకూ వచ్చేసరికి నా క్లాసులో సగం మంది ఆవలిస్తుంటారు.

పక్క గదిలో వృక్షశాస్త్రం చెప్పే సుభద్రది గురజాల. గోడ మీదుగా నా పాఠం వినీ వినీ ఒకరోజు స్టాఫ్ రూములో అంది: "ఏందే లలితా, దీనికోసం దేశాలు పట్టుకుని తిరుగుతన్నావు? మా బాబాయోళ్ళ లిఫ్టు సంఘంలో జరిగేది ఇదే. కార్తీకంలో సంఘపోళ్ళందరూ కలిసి తినే చాప భోజనం ఉంది, రా, కళ్ళారా చూద్దువుగాని."

భోజనం అన్న మాట వినపడ్డాక నేను ఆగే మనిషిని కాదు.

నరసరావుపేట

పొద్దున్నే బస్సు దిగి, నా గోదారి అలవాటు కొద్దీ ఆటో ఆయనతో "ఏవండీ, మంచి ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందండీ?" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఈవిడ 'అండీ' అంటున్నది ఎవర్ని అని. సుభద్ర నవ్వి నవ్వి చచ్చింది. "ఎక్కక్కా, నేను తీసకపోతా" అన్నాడు ఆయన, తన గురించేనని తేలాక. ఆ తర్వాత దారంతా వరసకి నేనే అక్కని.

ఇడ్లీ నాలుగు, మీద నెయ్యి, ఆ నెయ్యి కనపడకుండా కారప్పొడి. మా వైపు కారప్పొడి పక్కన పెడతారు, ఇష్టమైతే అద్దుకుంటాం. ఇక్కడ ఇడ్లీ తెల్లగా కనిపిస్తే కొట్టువాడికి అవమానం. "కొంచెం కారం తగ్గించి పెడతారా?" అని అడిగాను. ఆయన జాలిగా చూసి, "ఒంట్లో బాగలేదా అమ్మా?" అన్నాడు. ఒంట్లో బాగానే ఉందని నిరూపించుకోడానికి నాలుగూ తిన్నాను. కళ్ళల్లోంచి, ముక్కులోంచి కృష్ణా గోదావరీ కలిసి పారాయి. రుచి మాత్రం, నిజం చెప్పొద్దూ, మళ్ళీ రెండు అడిగి తిన్నాను.

కోర్టు దగ్గర టీ కొట్టులో నల్లకోట్లవాళ్ళు, కక్షిదారులు ఒకే బల్ల మీద కూర్చుని గట్టిగా అరుచుకుంటున్నారు. కొట్టుకుంటారేమోనని నేను లేచి నిలబడ్డాను. తీరా వింటే, టీ డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని తగాదా.

గురజాల

అక్కణ్ణుంచి గురజాల దాకా కిటికీలోంచి కళ్ళు తీయలేదు. మా కోనసీమలో కొబ్బరిచెట్ల మధ్య ఆకాశం ముక్కలుముక్కలుగా కనపడుతుంది. ఇక్కడ ఆకాశానికి అడ్డేమీ లేదు. ఒకవైపు పత్తి తెల్లగా విచ్చుకుని, ఒకవైపు మిరప పచ్చగా పూత మీద. పొలానికి కంచె కూడా రాతిపలకలే, నిలబెట్టి పాతేశారు. మాకు కంచె అంటే తాటాకో, కొబ్బరిమట్టో. ఇక్కడివాళ్ళ కంచె మనవడి మనవడిదాకా ఉంటుంది.

సుభద్ర బాబాయి కోటయ్య గారు అయిదూళ్ళ లిఫ్టు సంఘానికి అధ్యక్షుడు. పెద్ద కాలవలోంచి మోటార్లతో నీళ్ళు పైకి తోడి అయిదు ఊళ్ళ పొలాలకి పంచే సంఘం. ఊరికో తూము, తూముకో ప్రెసిడెంటు. రెండేళ్ళకోసారి ప్రతి ఊరూ తన ప్రెసిడెంటుని ఎన్నుకోవాలి, అందరి వంతు నీళ్ళూ అందరికీ ఇవ్వాలి. ఇదీ వాళ్ళ ఒప్పందం.

జొన్నరొట్టె, గోంగూర, నాటుకోడి పులుసు మధ్య ఆయన గొడవంతా చెప్పారు. ఎర్రగట్టు ఊరి ప్రెసిడెంటు నారాయణ మొదట్లో బంగారం లాంటి మనిషట. ఒంటి చేత్తో కాలవ బాగు చేయించాడు, మోటారు చప్పుడు వినే ఏం రోగమో చెప్పేస్తాడు. తర్వాత్తర్వాత, నీళ్ళు తిప్పే లస్కరు పనిలో బామ్మర్దిని పెట్టుకున్నాడు. ఎన్నిక అంటే ఇప్పుడు నాట్లు అన్నాడు, మరోసారి కోతలు అన్నాడు. ఎదురు మాట్లాడినవాళ్ళ వంతు 'మర్చిపోవడం' మొదలైంది.

అంతలో గుమ్మంలో ఒకావిడ చెప్పులు విడిచింది. "రత్తమ్మా, రా, తిందువుగాని" అని పిన్నిగారు పిలిచారు. ఎర్రగట్టులో ఎకరన్నర మిరప చేను ఆవిడది. యాభై దాటి ఉంటాయి, ఎండకి కాగిన ముఖం, మాటలో ఎక్కడా తడబాటు లేదు.

"తినడానికి రాలేదు పిన్నీ. బాబాయి, రేపటి మీటింగులో మా తూము మూసేత్తారంటగా?"

"మూయమని మూడూళ్ళోళ్ళు పట్టుబడుతున్నారమ్మా. మాట తప్పిన ఊరికి నీళ్ళెందుకని."

"ఎన్నిక ఎప్పుడని ఊరి వాట్సాప్ గ్రూపులో అడిగినందుకు నారాయణ బావ నా వంతు ఆపాడు. ఆ మర్నాటి నుంచి గ్రూపులో ఆయనొక్కడే మాట్టాడేట్టు పెట్టుకున్నాడు. మేమందరం కింద బొటనేళ్ళు చూపియ్యాలి. పూత మీదుంది చేను, ఇంకో వారం తడి తగలకపోతే రాలిద్ది. మీరు తూము మూయకపోతే నా ఒక్కదాని చేను ఎండిద్ది. మూస్తే అందరితోపాటు నా చేనూ ఎండిద్ది. నాకు ఏ దారి పెట్టారు బాబాయి?"

నా చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. ఏళ్ళ తరబడి బోర్డు మీద రాసిన ప్రశ్న గుమ్మం దగ్గర నిలబడి నన్నే అడిగినట్టుంది. ఆవిడ చేను ఎండిపోకూడదని నాకు ఎంతగా అనిపించిందో చెప్పలేను.

మర్నాటి మీటింగు

మీటింగంటే కోటయ్య గారి వసారాలో అయిదు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పళ్ళెం నిండా మిరపకాయ బజ్జీలు. నారాయణ రాలేదు. ఆయన కుర్చీలో బజ్జీల పళ్ళెం పెట్టారు. మూడు ఊళ్ళ ప్రెసిడెంట్లు తూము మూయాల్సిందేనన్నారు. నాలుగో ఊరు తాళ్ళవాగు. ఆ ప్రెసిడెంటు నోరంతా బజ్జీతో ఉండి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఈయన ఒప్పుకోడు లలితా. నారాయణకి వియ్యంకుడు" అని సుభద్ర నా చెవిలో ఊదింది. తూము మూయాలంటే మిగతా నాలుగూళ్ళూ ఒక్కమాట మీద ఉండాలట.

నాకు నవ్వాగలేదు. "ఐరోపాలో కూడా సరిగ్గా ఇక్కడే బండి ఆగిందండీ!" అని పైకే అనేశాను. అందరూ నావైపు తిరిగారు. ఐరోపాలో వియ్యంకులు ఎవరని తాళ్ళవాగాయన ఎంతో ఆసక్తిగా అడిగాడు.

మాటకి మాట పెరిగింది. బజ్జీలు అయిపోయాయి, తేలిందేమీ లేదు. తూము మూయనందుకు రత్తమ్మ సగం ప్రాణం నిలబడింది, వంతు రానందుకు మిగతా సగం పోయేలా ఉంది. అందరూ లేచి వెళ్ళాక, నేను వచ్చింది దేనికో అది కాస్తా ఉందా లేదా అని భయమేసి అడిగాను. "బాబాయి గారూ, మరి చాప భోజనం ఎక్కడండీ?"

"ఈసారి గురజాలలోనే అనుకున్నామమ్మా."

"అది కూడా నాలుగూళ్ళూ ఒప్పుకుంటేనేనా?"

"దానికి ఒకళ్ళు ఒప్పుకునేదేంది? అధ్యక్షుడు ఏ ఊరంటే ఆ ఊరు..." అంటూ ఆయన ఆగిపోయారు. తర్వాత తొడ మీద ఒక్కటి చరిచి, "ఏమే సుభద్రా! ఎర్రగట్టులో పెడితే!" అన్నారు.

సంగతేమిటంటే, ఏ ఊళ్ళో చాప వేస్తే ఆ ఊరి ప్రెసిడెంటు స్వయంగా వడ్డించాలి. ఆ ఊరివాళ్ళలో ఎవరైనా లేచి ఏదైనా అడగొచ్చు, అయిదూళ్ళ ముందు ఆయన జవాబు చెప్పాలి. లిఫ్టు కట్టిన రోజుల్నించీ ఇదే పద్ధతి. "మా ఊళ్ళో వద్దు అనడం నారాయణ వల్ల కాదు. భోజనాన్ని కాదన్నోడు పల్నాట్లో తలెత్తుకు తిరగలేడు" అన్నారు బాబాయి. ఇంత వివరంగా చెప్పిన మనిషి అసలైన ఒక్క ముక్క నాకు చెప్పడం మర్చిపోయారు. ఇక్కడివాళ్ళకి అది ఊపిరి పీల్చడం లాంటిది, చెప్పాలని ఎవరికి తోస్తుంది!

మాచర్ల

విస్తళ్ళూ, చాపలూ, బియ్యం కొనడానికి సుభద్రా నేనూ మాచర్ల వెళ్ళాం. అక్కడ కొట్టు సెట్టిగారు ఎర్రగట్టులో చాప అని వినగానే తూకం ఆపేశాడు. "నారాయణ ఊళ్ళోనా! ఎవరికి పుట్టిందమ్మా ఈ బుద్ధి?" అని ఒక కొబ్బరికాయ ఊరికే ఇచ్చాడు. మా ఊళ్ళో కొబ్బరికాయ ఇవ్వడం ఏమంత పెద్ద విషయం కాదు, దొడ్లో రాలిపడుంటాయి. ఇక్కడ దాన్ని గుండెలకి పట్టుకుని తెచ్చుకున్నాను. గుళ్ళోకి వెళ్ళి రత్తమ్మ పేరు మీద కొట్టాను. దేవుడికి లిఫ్టు సంఘం గొడవ వివరించేసరికి వెనక లైనులోవాళ్ళు విసుక్కున్నారు.

ఎర్రగట్టు

మమ్మల్ని ముందుగా పలకరించింది నారాయణ ఫ్లెక్సీ. ఆయన చేతులు జోడించి నవ్వుతున్నాడు, వెనకాల నీళ్ళు దూకుతున్నాయి. లేచి అడిగే ధైర్యం ఎవరికీ ఉండదనుకున్నాడో ఏమో, చాప తన ఊరికి రావడం తనకి సన్మానమనే అనుకున్నాడు పాపం. మనిషి కూడా ఫ్లెక్సీలాగే నిండుగా ఉన్నాడు. "మేడం గారూ, గోదావరి నుంచి వచ్చారంట! మా ఊరి గోంగూర తిన్నాక ఇంక మీరు వెళ్ళరు" అని పెద్దగా నవ్వాడు. ఆయన్ని చూసి కోపం తెచ్చుకుందామంటే రాలేదు.

పంపు షెడ్డు ముందు చాపలు పొడుగ్గా పరిచారు. ఏ కులం, ఏ ఊరు, ఎంత పొలం అనేది లేకుండా వచ్చినవాళ్ళు వచ్చినట్టు వరసన కూర్చోవాలి. మా వైపు పెళ్ళిళ్ళలో బల్లలు వచ్చాక ఇలా పక్కవాడి మోకాలు తగులుతూ తిన్నదే లేదు. నారాయణ పంచె ఎగ్గట్టి, బకెట్టుతో వేడి అన్నం తానే వడ్డించాడు. పప్పు, గోంగూర, వంకాయ కూర. ఆ మీద చెంచాతో కాదు, గరిటెతో నెయ్యి. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదేమో, నా ప్రాణం నాలిక మీదికొచ్చింది. ప్రసంగాలు భోజనాలయ్యాకే కదా ఎక్కడైనా! గోంగూర కలిపి ముద్ద నోట్లో పెట్టాను.

తలెత్తి చూస్తే ఒక్కరి చెయ్యీ విస్తట్లో లేదు. ఎదుటి వరసలో రత్తమ్మ అప్పుడే లేవబోతూ సగంలో ఆగిపోయింది. సుభద్ర తలబాదుకుంది. "ఓసి నీ దుంప తెగ! మాటలు అయ్యేదాకా ముద్ద ముట్టకూడదే!"

నారాయణ బకెట్టు కింద పెట్టాడు. ముఖం వెలిగిపోయింది. "అయిపోయింది! ముద్ద పడ్డాక మాటల్లేవు. పెద్దలు పెట్టిన పద్ధతి, నేను పెట్టింది కాదు. చుట్టమే మొదలుపెట్టింది, ఇంక కానియ్యండి!"

ఆ ముద్ద నాకు మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. భూమి చీలితే అందులోకి దూరిపోదును. ఎంత దూరం నుంచి వచ్చి, ఆవిడ చేనుని నా చేత్తో ఎండగట్టేశాను! నోట్లో గోంగూర పెట్టుకుని ఏడ్చిన మనిషి పల్నాడులో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

రత్తమ్మ మాత్రం మళ్ళీ కూర్చోలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని అంది. "నారాయణ బావా, ఈమెది ఏ తూము?"

"ఏంది?"

"ఈ చాప అయిదు తూముల కింద చేలున్నోళ్ళది. ఈమెకి ఏ తూములో వంతుంది? నీళ్ళ వంతు లేని మడిసి ముద్ద లెక్కలోకి రాదు."

ఎవరో వెనక నుంచి, "అవునవును! గోదావరి తాగే మడిసికి మన కృష్ణ నీళ్ళతో ఏం పని!" అని అరిచారు. నవ్వులు చాప ఈ చివర నుంచి ఆ చివరకి పాకాయి. నేను గబగబా ముద్ద మింగి, "నాకు ఏ తూమూ లేదండీ! ఒట్టు! కావాలంటే లేచి వెళ్ళిపోతాను" అన్నాను. "కూకో తల్లీ, ఇస్తరి ముందు నుంచి లెగవకూడదు" అని పక్కనున్న ముసలమ్మ నా చెయ్యి పట్టి లాగింది. అలా నేను ఎంగిలి చేతితో, తినకుండా, లేవకుండా శిలలా కూర్చున్నాను.

"ఇప్పుడు చెప్పు బావా. ఎన్నిక ఎప్పుడు? నా వంతు ఎందుకాపావు?"

నారాయణ మొదలుపెట్టాడు. కాలవ ఎవరు బాగు చేయించారన్నాడు. మోటారు కాలిపోతే అర్ధరాత్రి ఎవరు పరిగెత్తారన్నాడు. అన్నీ నిజమేనని రత్తమ్మ ఒప్పుకుంది. "అది అడగలేదు. ఎన్నిక ఎప్పుడు?" పంట కోతలయ్యాక అన్నాడు. "ఏ సంవత్సరం కోతలు?" అంది. అన్నం చల్లారుతోంది. నెయ్యి పేరుకుంటోంది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. విస్తరి ముందున్న అయిదూళ్ళవాళ్ళ కడుపులూ ఒకే ప్రశ్న అడుగుతున్నాయి. నా పాఠంలోని దేశాధినేతల్ని ఇలా ఒక చాప మీద కూర్చోబెట్టడం కుదరదని నాకూ తెలుసు, కానీ ఆ నిమిషంలో భలే కోరిక పుట్టింది.

ఆఖరికి లేచింది ఎవరనుకున్నారు? తాళ్ళవాగు వియ్యంకుడు. "బావగారూ, నాకు షుగరు! చేతులు వణుకుతున్నయ్. ఏ ముహూర్తం చూసుకుంటన్నారు, పెట్టెయ్యండి ఆ ఎన్నికేదో!"

సొంత కాపలాదారే అలా అనేసరికి నారాయణకి గాలి తీసినట్టయింది. నలుగురి ముఖాలూ చూశాడు. ఊరికి ఊరంతా ఆయన వైపే చూస్తోంది. "సరే. ఇవాళే. తిన్నాక" అన్నాడు. కోటయ్య బాబాయి "గోవిందా!" అన్నారు. అందరి చేతులూ ఒక్కసారి విస్తట్లో పడ్డాయి. చల్లారిన అన్నం అంత రుచిగా ఉంటుందని నాకు ఇంతవరకూ తెలీదు.

ఎన్నిక కూడా వాళ్ళ పద్ధతే. ఎర్రగట్టు తూము కింద పొలమున్న ప్రతివాళ్ళకీ ఒక ఎండుమిరపకాయ, ఒక పచ్చిమిరపకాయ ఇచ్చారు. నారాయణే ఉండాలంటే ఎండుది, దిగాలంటే పచ్చిది. మూతి మీద గుడ్డ కప్పిన కుండలో ఏదో ఒకటి పిడికిట్లో పెట్టుకుని వెయ్యాలి, రెండోది కూడా అలాగే కనపడకుండా గోతాంలో పడెయ్యాలి. మిగతా నాలుగూళ్ళవాళ్ళు కాపలా. కుండ బోర్లించారు. ఎండుమిరపే గెలిచింది. కానీ దాని పక్కన పచ్చిమిరప కుప్ప కూడా తక్కువేం లేదు.

నారాయణ గెలిచినవాడిలా లేడు. ఆ పచ్చకుప్ప ముందు గొంతుక్కూర్చుని, "నన్ను వద్దన్నోళ్ళు ఇంతమందున్నారా మనూళ్ళో!" అన్నాడు. అలాగే కూర్చుని జేబులోంచి ఫోను తీసి ఏదో నొక్కాడు. అంతే, ఊరందరి ఫోన్లూ టింగు టింగుమని ఒకటే మోత. గ్రూపులో నోళ్ళు తెరుచుకున్నాయి! మొదట వచ్చిన మెసేజీ, వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని.

రత్తమ్మ చేను

సాయంత్రం ఆవిడ మమ్మల్ని చేనుకి తీసుకెళ్ళింది. బామ్మర్దిని పంపకుండా నారాయణే పార భుజాన వేసుకుని వచ్చి కాలవ గండి కొట్టాడు. రత్తమ్మ వైపు చూడలేదు. "ఆ మూలకి ఎక్కదు బావా, ఇంకాస్త తవ్వు" అని ఆవిడ అంటే తవ్వాడు. నీళ్ళు సాళ్ళలోకి దూరాయి. తెల్లటి పూత మధ్య ఆ తడి నేల వాసనకి నేను చెప్పులు విప్పి, చీర ఎత్తి, చిన్నపిల్లలా అందులోకి దిగిపోయాను. సంతోషం పట్టలేక సుభద్రని కూడా లాగాను. అది తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నారాయణ వెళ్ళిపోయాక రత్తమ్మ పక్కన గట్టు మీద కూర్చున్నాను. "పోనీలెండి, ఇంకొన్ని పచ్చిమిరపకాయలు పడుంటే ఆయన దిగిపోయేవాడు. మీరొక్కరూ అంత పోరాడినా..." అని ఓదార్చబోయాను.

"నేనేసింది ఎండుదేనమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు. "మరి ఇంత గొడవ ఎందుకండీ!"

"మోటారు పని ఆయనకి తెలిసినట్టు ఈ అయిదూళ్ళలో ఎవడికి తెలుసు? నాకు మంచి ప్రెసిడెంటే కావాలి. అయితే నేను పెట్టుకున్నోడు కావాలి, తనంతట తను కూకున్నోడు కాదు." నీళ్ళు ఆఖరి సాలు దాకా చేరాయో లేదో లేచి చూసుకుని, మళ్ళీ నావైపు వంగి గొంతు తగ్గించింది. "నేను ఎండుదేశానని ఆయనతో మాత్రం అనమాకు తల్లీ. పచ్చిమిరపే వేశాననుకుంటా ఉండనీ. మళ్ళీ ఎన్నికల దాకా చక్కగా నీళ్ళిస్తాడు."

ఆ ఊరి పేరూ, ఆవిడ పేరూ నేను మార్చి రాసింది అందుకే.